వెయ్యికి ఒకటి

అమెరికాలోని చాండ్లర్‌లో కృష్ణమోహన్‌ని ఏం ఉద్యోగమని అడిగితే, "నత్తనడక కంప్యూటర్ ప్రోగ్రాముల్ని పరుగెత్తించడం" అనేవాడు. పదిహేనేళ్లుగా అదే పని. ఊరికే పరుగెత్తుతాయా ఏమిటి! ఒకచోట వేగం కావాలంటే ఇంకోచోట ఏదో వదులుకోవాలి. ఏది వదులుకోవచ్చో తేల్చడంలో అతనికి మంచి పేరుంది.

కిందటేడు డయాలసిస్ సెంటర్ల బుకింగ్ ప్రోగ్రాం అతని చేతికొచ్చింది. సోమవారం పొద్దున జనం ఒక్కసారిగా ఎగబడితే అది చతికిలబడేది. అసలు రికార్డు చూసి జవాబివ్వడానికి తొమ్మిది సెకన్లు పట్టేది మరి. కృష్ణమోహన్ డయాలసిస్‌కి కూర్చోబెట్టే ఖాళీ కుర్చీల జాబితాను పక్కన దాచిపెట్టి, ఫోన్లకూ కౌంటర్లకూ అందులోంచే జవాబు వెళ్లేలా చేశాడు. ముందు "బుక్ అయింది" అనేస్తుంది. అసలు రికార్డుతో సరిచూసేది రద్దీ తగ్గాకే. అర సెకను! ఒకే కుర్చీ ఇద్దరికి పడితే? "వెయ్యికి ఒకటి, ఫర్వాలేదు" అని రిపోర్టులో తనే రాశాడు. మేనేజర్ రఘు భుజం తట్టాడు.

ఈ మంగళవారం ఆ ఒకటి వచ్చి అతని కారులోనే కూర్చుంది.

పక్కింటి ఈశ్వరయ్యగారికి సోమవారం డయాలసిస్ తప్పింది. కాళ్లు బాగా వాచాయి. ఆయన కూతురు దమయంతి కంప్యూటర్ చిప్ ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్తూ పదకొండింటికి కుర్చీ బుక్ చేసి, "అన్నయ్యా, నాన్నను కొంచెం డ్రాప్ చేస్తారా?" అని అడిగింది.

సెంటర్‌లో చూస్తే ఆ కుర్చీలో ఇంకొకాయన ఉన్నాడు. క్యాన్సిల్ మెసేజ్ దమయంతి ఫోన్‌కి వెళ్లిందట. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరాయె! ఇక రేపే చూసుకోమనీ, ఆయాసం వస్తే ఎమర్జెన్సీకి వెళ్లమనీ కౌంటర్ దగ్గరి అమ్మాయి చెప్పింది.

కృష్ణమోహన్ బయటికొచ్చి రఘుకి ఫోన్ చేశాడు. "బుక్ అయిందనేముందు అసలు రికార్డుతో ఒక్క చెక్ పెట్టేద్దాం. ఆ ఒక్క కుర్చీ చూడ్డానికి నాలుగు సెకన్లే కదా."

"పెడితే సోమవారం మళ్లీ క్రాష్ అవుద్ది బ్రో. నలభైమందికి స్లాట్ దొరకదు. గ్రాఫ్ చూపించింది నువ్వే కదా?"

రఘు మాటలో అబద్ధం లేదు. అదే కదా ఏడుపు!

లోపల ఈశ్వరయ్యగారు వాచిన కాళ్లు చాచుకుని చిరాకు పడుతున్నారు. "ఏ తలమాసినవాడు చేశాడయ్యా ఈ ప్రోగ్రాం? నీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పు మోహనూ."

"నేనే చేశాను బాబాయిగారూ."

తిడతారనుకున్నాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. "నువ్వేనా! ఇంకేం మరి, సరిచేసెయ్!"

కృష్ణమోహన్ ఫోన్ తీసి రేపు పొద్దున ఆరింటికి బుక్ చేశాడు. అర సెకనులో పచ్చ టిక్కు పడింది. మనసు ఒప్పుకోక కౌంటర్ దగ్గరికి వెళ్లాడు.

"బుక్ అయింది," అందామె.

"నిజంగా అయిందా?"

ఆమె విసుక్కోకుండా స్క్రీన్ అతని వైపు తిప్పింది. అక్కడా తను దాచిపెట్టిన జాబితాలోంచి వచ్చిన అదే పచ్చ టిక్కు.