చీటీ అడిగే పెద్దమనిషి

ఆర్మూర్ బస్టాండు ఎదురుగా మందుల దుకాణం నడిపిన ఆ పెద్దమనిషి ఎవరినైనా "చీటీ ఏదమ్మా?" అనే పలకరించేవాడు. గోలీల పట్టీని మందు పేరున్న వైపు వదిలి, రెండో కొస నుంచి కత్తిరించేవాడు. నాకది చాదస్తంగా కనిపించేది.

మా అల్లుడు దుబాయి పోయేటప్పుడు అతని ఫిట్స్ గోలీలన్నీ పట్టీల్లోంచి ఊడదీసి, ఖాళీ పసుపు డబ్బాలో పోశాను. అట్లా బ్యాగులో మిగిలిన చోట్లో మామిడి పచ్చడి సీసా పట్టింది. బస్సెక్కే ముందు ఇంకో పట్టీ కొందామని ఇద్దరం పోతే, ఆయన పాత పట్టీ ఏదన్నాడు. పచ్చడికి చోటు కోసం ఊడదీశానంటే డబ్బా తెరిపించాడు. పసుపంటి గోలీలన్నీ పచ్చగా ఉన్నాయి.

"గివి ఏం గోలీలు?"

"నాకేమెరుక? ఫిట్స్‌వి."

"అక్కడ పోలీసోళ్లకు గిట్లనే చెప్తడా? లోపలేస్తరు. గోలీ బందైతే పనిమీదనే పడిపోతడు. నీ పచ్చడి లేపుతదా?"

మేం ఆ బస్సు పోనిచ్చి, డాక్టరు దగ్గర చీటీ రాయించుకొచ్చాకే ఆయన కొత్త పట్టీలు ఇచ్చాడు. చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, అల్లుడి చొక్కా జేబులో తానే దోపాడు.

"గోలీలు చేతిసంచిల పెట్టుకో బిడ్డా. పెద్ద బ్యాగుల వేయకు."

నాలుగు రోజులకు పక్కింటి ఫోనుకు అల్లుడు చేశాడు.

"చీటీ చూసి గోలీలు ఇచ్చేసిన్రు అత్తమ్మా. పచ్చడే గుంజుకున్నరు."

నువ్వుల నూనె పోసి పెట్టిన పచ్చడి అది. మండిపోయి దుకాణానికి పోయి చెప్పాను. ఆయన తలెత్తకుండా, పట్టీ కత్తిరిస్తూనే అడిగాడు.

"పచ్చడికి చీటీ ఏదమ్మా?"