వసారా బడికి మూడు కొటేషన్లు

మా ఆయన ఇనుప గనిలో పర్చేజ్ సెక్షన్‌లో పనిచేసేవారు. మూడు కొటేషన్లు లేకుండా చీపురు కూడా కొనరు. మా గని ఊరు బచేలి సంతలో వంకాయలు కొనాలన్నా మూడు గంపల దగ్గర ధర అడిగి, తిరిగి మొదటి గంప దగ్గరికే వచ్చేవారు. అప్పటికి అందులో మిగిలేవి పుచ్చులే. అలాంటి మనిషి చేతిలో నా బడి పడింది.

బడంటే పెద్దదేం కాదు, మా క్వార్టర్ వసారా. టౌన్‌షిప్ పిల్లలకి స్కూల్లో హిందీ, ఆటల్లో అక్కడివాళ్ల హల్బీ భాష. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ రాయమంటే బిక్కమొహం వేస్తారు. రోజూ సాయంత్రం గని ఎర్రదుమ్ము ఊడ్చి, వాళ్లని వరసగా కూర్చోబెట్టి ఇరవయ్యేళ్లు అక్షరాలు దిద్దించాను. ఆయన రిటైర్మెంటు మూడు నెలల్లోకి వచ్చేసరికి నా గుండెల్లో రాయి పడింది. క్వార్టర్ అప్పగించేస్తే వసారా ఏదీ? బడి ఏదీ?

అప్పుడే విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్న నా పాత శిష్యురాలు ఫోన్ చేసింది.

"అత్తా, వెబ్‌సైట్ పెడదాం. పాఠాలన్నీ అందులో ఎక్కిస్తే పిల్లలు ఎక్కడున్నా చూసుకుంటారు. నేను తయారుచేస్తాను. ముందు నువ్వు ఏదైనా మంచి కంపెనీలో డొమైన్ పేరు కొనుక్కో. ఆలస్యం చేస్తే వేరేవాళ్లు పట్టుకుపోతారు."

పేరు ఎప్పటినుంచో ఉన్నదే, 'వసారా బడి'. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కంపెనీ సంగతి తనకి వదిలెయ్యమన్నారు మా ఆయన. వదిలేశాను. అదే నేను చేసిన తప్పు.

మర్నాడే అట్ట ఫైలు, ఎర్ర తాడు బయటికొచ్చాయి. మూడు కంపెనీలకి మెయిళ్లు వెళ్లాయి, పదిహేను రోజుల్లోగా సీలు వేసిన కవర్లో రేట్లు పంపమని! ఒక కంపెనీలో మనిషికి బదులు మెషినే వెంటనే జవాబు రాసింది, "హాయ్! మీకేం కావాలి?" అని. ఈయన దానికీ "అయ్యా" అని మొదలుపెట్టి నాలుగు పేరాలు రాశారు. నవ్వలేక చచ్చాను. రెండో కంపెనీ మొదటి ఏడాది దాదాపు ఊరికే ఇస్తానంది.

"ఇదే తీసుకుందామండీ!"

"రెండో ఏడు రేటు చూశావేటి? మెషిన్ చవగ్గా ఇచ్చి స్పేర్ల దగ్గర పీక కోస్తారు. ఇలాంటోళ్లని ముప్పయ్యేళ్లుగా చూస్తన్నాను."

"మీ స్పేర్లు మండిపోనూ! ఈలోగా పేరు ఎవడో ఎగరేసుకుపోతాడు."

"దేనికైనా ఒక పద్ధతుంటాది."

పన్నెండో రోజుకి నా ఓపిక నశించింది. ఆయన అటు ఆఫీసుకి వెళ్లగానే ఇటు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ చవక కంపెనీలోనే కొనేద్దామని పేరు కొట్టాను. ఈ పేరు ఇప్పటికే ఎవరో తీసుకున్నారని వచ్చింది. మళ్లీ కొట్టాను. అదే జవాబు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి కాళికావతారం ఎత్తాను. అన్నం గిన్నె ఠపీమని పెట్టి, "పోయింది! నా బడి పోయింది! మీ ఫైలుని మీరే నెత్తిన పెట్టుకుని ఊరేగండి!" అని బావురుమన్నాను.

ఆయన లోపలికెళ్లి ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. మూడో కంపెనీకి ఫోన్ చేస్తే మెషిన్ కాదు, మనిషే ఎత్తిందట. ఏ ఏడు రేటు ఎంతో విడమరిచి చెప్పిందట. నచ్చకపోతే పేరుని ఇంకో కంపెనీకి పట్టుకెళ్లొచ్చని కూడా చెప్పి, ఆలస్యం మాత్రం చెయ్యొద్దందట. గనిలో ఖనిజం మోసే బెల్టు తెగితే ముందు కొనేసి తర్వాత కాగితాలు రాసుకుంటారు. ఈయనా అలాగే నిన్ననే కొనేశారు.

"మరి నాకు చెప్పొద్దా మహానుభావా?"

"ఫైలు పూర్తవకుండా ఎలా చెప్తానే? నీ సంతకం మిగిలుంది."

కాగితం చూశాను. ముప్పయ్యేళ్ల కాపురంలో క్వార్టర్ ఆయన పేరున, గ్యాసు ఆయన పేరున. కంపెనీ ఆస్పత్రి పుస్తకంలో నేను ఆయన మీద ఆధారపడిన మనిషిని. ఈ కాగితంలో మాత్రం ఓనర్ అన్నచోట నా పేరుంది. ఆయన పేరు ఎక్కడా లేదు.

సంతోషం పట్టలేక మళ్లీ ఏడ్చాను. కొంగుతో కళ్లు తుడుచుకుని సంతకం పెట్టాను, తెలుగులో, ఇంతింత అక్షరాలతో.

ఆయన కళ్లజోడు సవరించుకుని ఆ సంతకం చూశారు.

"తేదీ వెయ్యవే," అన్నారు.