నూతి పైనుంచి పిలిచిందెవరు?

ఫలానా ఆవిడకి దెయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు ఆవిడ అన్నం తిన్నదో లేదో కనుక్కోండని చెప్పే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ బయటపెట్టలేదు. చెబితే నన్నూ అదే అడుగుతారు కదా!

అరవైల చివర్లో మాట. రామతీర్థం దగ్గర మా అత్తవారి ఊరు. ఇంటి వెనక రాతికట్టు నుయ్యి ఉండేది. ఆ ఎండాకాలం ఒక ఆఫీసరు జీపులో వచ్చి, బడి వరండాలో ఏదో యంత్రం పెట్టుకున్నాడు. భూమి లోపలి రాళ్లలోంచి రేడాన్ అనే గాలి వచ్చి నూతి నీళ్లలో కలుస్తుందట. రంగూ వాసనా ఉండదట. అడుగున రాయి చిట్లుతుంటే ఆ గాలి పెరుగుతుందనీ, దాన్నిబట్టి భూకంపం ముందే తెలుస్తుందేమో చూస్తున్నాననీ చెప్పాడు. మా వాళ్లంతా తలలూపారు. అర్థమైందెవరికి?

రోజూ పొద్దున్నే ఒక సీసాడు నీళ్లు పంపాలి. చేదలోనే సీసా ముంచి, నీళ్లలోనే బిరడా బిగించాలి, లేకపోతే ఆ గాలి ఎగిరిపోతుందన్నాడు. కానీ మా అత్త ఊరుకుంటుందా? ఆఫీసరంతటివాడికి నలకల నీళ్లు పంపితే పరువేం కాను అని, రోజూ పాతచీర ముక్కతో శుభ్రంగా వడకట్టి మరీ సీసా నింపేది. యంత్రంలో ఏమీ కనబడేది కాదు. మీ నూతికి భయం లేదన్నాడాయన.

ఆ ధైర్యంతోనే మా ఆయన, మరిది పైడయ్య పూడిక తీయడానికి నూతిలోకి దిగారు. దిగేముందు లాంతరు దించి చూశారు. ఆరలేదు. లోపల చెడుగాలి ఉందో లేదో తెలుసుకోవడానికి మాకు తెలిసిన పరీక్ష అదొక్కటే.

ఆ వేళ అత్తకి జ్వరం. వాళ్లు దిగకముందే నేను ఆఫీసరు చెప్పిన పద్ధతిలో సీసా నింపి బడికి పట్టుకెళ్లాను. ఆ గాలి యంత్రంలో ఎక్కువగా కనబడేసరికి ఆయన మొహం పాలిపోయింది. రోజూ ఇలాగే నింపుతున్నారా అని అడిగాడు. వడకట్టే సంగతి చెప్పాను. వడకడితే గాలంతా ముందే పోతుందని ఆయన తల పట్టుకున్నాడు.

"ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ నూతిలో ఎవరూ ఉండకూడదు."

చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తాను. గిలక దగ్గర పక్క పొలం సూరయ్య ఒక్కడే ఉన్నాడు. వంగి కేకలేశాను. దీపం ఆరలేదు కదా, ఇంకాస్త ఉంది, అయ్యాక వస్తామన్నాడు మా ఆయన.

పైడయ్య నవ్వాడు. "వదినా, ఆ ఆపీసరు గాలి నీ బుర్రకెక్కినాదేటి?"

తిట్టాను, ఏడ్చాను, నా మీద ఒట్టన్నాను. ఇద్దరూ కదల్లేదు.

ఉన్నట్టుండి మా ఆయన తలెత్తాడు. నావైపు కాదు, ఎవరూ లేని అవతలి గట్టువైపు చూశాడు.

"వస్తన్నాను నాన్నా" అని తాడు పట్టుకున్నాడు. సూరయ్యా నేనూ లాగాం. మా మావ పోయి అప్పటికే రెండేళ్లు దాటింది.

గట్టు మీద కాలు పెడుతూనే "నాన్న ఏడే?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా చేటలో బియ్యం చెరిగినట్టు కాళ్ల కింద నేల కదిలింది. రాతికట్టు లోపలికి కూలిపోయింది. ఒక్కసారి "వదినా" అని వినబడింది. అంతే.

ఊరంతా కలిసి తవ్వింది. గోళ్లూడేలా నేనూ తవ్వాను. సాయంత్రానికి పైడయ్యని పైకి తీశారు, ప్రాణం లేదు. నవ్వుతూ దిగినవాడు! దేవుణ్ణి ఆ రోజు తిట్టినట్టు నేనెప్పుడూ తిట్టలేదు.

తండ్రి అవతలి గట్టు మీద నిలబడి "ఒరే పెద్దోడా, పైకి రారా" అన్నాడని మా ఆయన చెప్పాడు. ఆ పేరుతో పిలిచింది ఆయనొక్కడే. సూరయ్యకి వినబడలేదు, నాకూ వినబడలేదు. నూతి గాలి తలకెక్కిందేమోనని ఆఫీసరుని అడిగాను. ఆ గాలి మాటలు వినిపించదమ్మా అన్నాడు.

వడకట్టినందుకు అత్తని నేను ఒక్క మాటా అనలేదు. ఆవిడే పోయేదాకా నన్ను ఒక్కటే అడిగేది.

"పెద్దోడా అన్న నోటితో సిన్నోడా అనడానికి ఆ ముసిలోడికి ఏటి అడ్డొచ్చినాదే?"

ఆ మాట వచ్చినప్పుడల్లా మా ఆయన అన్నం ముందునుంచి లేచి బయటికి వెళ్లిపోయేవాడు.