ఆవపల్లి దారిలో రెండు బడులు

“మేడమ్, మీ కార్డులో మా బడికి మా తాత వయసు వేశారు. దీని గోడలకింకా రంగు వాసన పోలేదు,” అని మన రాష్ట్రం సరిహద్దు అవతల, ఆవపల్లి దగ్గరి ఒక చిన్న ఊరి నుంచి మాస్టారు ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది.

నేను పాలిటెక్నిక్‌లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. పాత బడి భవనాలను కొలిచి, ఒక్కోదానికి ఒక్కో కార్డు రాసి, నకలు ఆ జిల్లా ఆఫీసుకు పంపడం మా నలుగురు స్నేహితుల వ్యాపకం. ఆ ఊరి కార్డు మాత్రం నేను అక్కడికి వెళ్ళకుండానే, ఎవరో పంపిన కాగితాలు చూసి నింపేశాను. పాత బడి వయసు, కొత్త బడి ఫొటో ఒకే కార్డు మీద పడ్డాయి. కింద ‘పాతది కూల్చి కట్టారు’ అని కూడా రాశాను. ఆ నకలు ఆఫీసు నుంచి మాస్టారి దాకా వెళ్ళింది.

“పాతది నిలబడే ఉంది మేడమ్. కూల్చారని మీరు రాస్తే రేపు నిజంగానే కూలుస్తారు,” అన్నారాయన.

తప్పు నాది. మర్నాటికి టికెట్టు తీసుకున్నాను.

కిరండూల్ పాసింజరు విశాఖపట్నంలో ఉదయం ఏడు లోపే కదులుతుంది. అరకులో సగం పెట్టె ఖాళీ అయింది. కిటికీ పక్కన కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. చీకటి పడ్డాక బచేలిలో దిగి, గనుల కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే మా పిన్ని కూతురింట్లో పడుకున్నాను. తెలిసినవాళ్ళు లేనివారికి స్టేషన్ దగ్గర లాడ్జీలున్నాయి.

రెండో రోజు ఆరున్నరకు గీదం బస్సు. గీదంలో వేడి పోహా, అదే అటుకుల ఉప్మా, తిని బీజాపూర్ బస్సెక్కాను. పక్కన ఒక ముసలాయన ఒళ్ళో కోడిపుంజుతో కూర్చున్నాడు. నా సంచిలోంచి పొడవాటి టేపు బయటకు కనిపిస్తోంది.

“ఏందమ్మా, పొలం కొలవనీకి పోతున్నవా?”

“లేదు పెద్దాయనా, బడి కొలవడానికి.”

“బడి ఏమన్న పెరుగుతదా?” అని ఒళ్ళో పుంజు కదిలేలా నవ్వాడు.

పదకొండున్నరకు బీజాపూర్, అక్కడి నుంచి జీపులో ఒంటిగంటకు ఆవపల్లి. మాస్టారు మోటార్‌సైకిల్ మీద వచ్చి ఎదురు చూస్తున్నారు. ఆయన కుటుంబానిది మొదట భద్రాచలం వైపు. పిల్లలకు హిందీలో పాఠం చెప్తారు, వాళ్ళ తల్లులతో తెలుగు, సంతలో గోండీ మాట్లాడతారు.

ఆయన బండి మీద ఊరు చేరి, ముందు కొత్త బడి చూశాను. సిమెంటు కప్పు, వెలుతురున్న గదులు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి. పిల్లలతో కలిసి అన్నం, పప్పు, బంగాళాదుంప కూర తిన్నాను. ఆ తరువాత కొత్త కార్డు తీసి, కొలతలు వేసి, కట్టి ఎన్నాళ్ళయిందో మాస్టారు చెప్పగా రాశాను. అరగంట పని.

పాత బడి ఇంకో రెండు వందల అడుగులు లోపల, ఇప్పచెట్ల వెనక ఉంది. రాతి పునాది, మట్టి గోడలు, టేకు స్తంభాల వరండా, పైన నాటు పెంకులు. రాజుల కాలంలో కట్టారని ఊళ్ళో అంటారు. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ముత్తమ్మ దగ్గర ఉంటుందని చెప్పి, మాస్టారు ఆమెకు కబురు పెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి ఆమే పెద్ద. అరవై దాటి ఉంటాయి. వచ్చింది గానీ తాళం తీయలేదు.

“ఇది పాతది, గొప్పదని రాసుకుంటరు. రాసినంక సర్కారోళ్ళు వచ్చి వాళ్ళ తాలా ఏస్తరు. మా చింతపండు ఏడ పెట్టుకోవాలె?” అంది.

భవనం కూలిపోకుండా కాపాడాలని వచ్చాను తప్ప, అందులో ఎవరి సరుకుందో ఆలోచించలేదు. పాత కార్డు తీసి ‘కూల్చి కట్టారు’ అన్న మాట ఆమె ముందే కొట్టేశాను. పాత బడి కోసం రెండో కార్డు తీసి, మెట్ల మీద కూర్చుని, రాస్తూ పైకి చదివాను: “వాడుకలో ఉంది. ఊరి ఆడవాళ్ళు అడవి సరుకు నిలవ చేసుకుంటారు. ఏటా వానలకు ముందు పెంకులు సర్దేది వాళ్ళే.” చివరి మాట మాస్టారు చెప్పగా రాసింది.

“హిందీల గూడ రాయి. పంచాయతీ సచివ్‌కు తెలుగు రాదు,” అందామె.

మాస్టారు హిందీలో రాశారు. ముత్తమ్మ ఆ అక్షరాల మీద వేలు ఆనించి, ఒక్కొక్క మాటా ఆయన చేత మళ్ళీ చదివించుకుంది. ఆ తరువాతే కొంగుముడి విప్పి తాళం తీసింది.

లోపల చింతపండు పుల్లటి వాసన. చాపల్లో చుట్టిన మూటలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి పైన, గోడకు నేరుగా పూసిన నల్లబల్ల. నలుగురాడవాళ్ళు వచ్చి మూటలు జరిపారు. టేపు రెండో కొస ముత్తమ్మే పట్టుకుంది.

“మా అన్న ఈడనే కూసోని చదివిండు. నన్ను పంపలే. వరండాల నిలబడి చూసేదాన్ని,” అంది, టేపు గోడకు అదిమి పట్టి. వెంటనే నవ్వింది. “ఇప్పుడు చూడు, చావి నా కాడనే!”

గోడ మందం మూరెడు ఉంది. ఎక్కడా పగులు లేదు. ఎండ దిగే వేళకు ప్లాను పూర్తయింది. ఆ రాత్రి మాస్టారింట్లో ఉండి, తెల్లారి వచ్చిన దారినే బచేలి చేరాను.

నాలుగో రోజు ఉదయం రైలు. ఎదురు సీట్లో విజయనగరం వెళ్తున్న గనుల ఉద్యోగి భార్య, ఎక్కడి నుంచి వస్తున్నానని అడిగింది. ఒక ఊళ్ళో బడి చూసి వస్తున్నానన్నాను.

“ఎలా ఉందండీ బడి?”

“రెండున్నాయండీ. ఏది చెప్పమంటారు?”

ఆవిడ చెప్పులు విడిచి, కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంది. “రెండూ చెప్పండి, సాయంత్రం దాకా చేసేదేముంది!”

ఇనుపరాయి నింపుకున్న గూడ్సు మా కిటికీ పక్కనుంచి చాలాసేపు సాగింది. దాని చప్పుడు తగ్గేదాకా ఆగి, ముందు పిల్లలున్న బడితో మొదలుపెట్టాను. రెండోది పూర్తయ్యేసరికి కొరాపుట్ దాటాం.