ఫైఫా కొండల మీద ఒక తిరగలి కోసం

లావణ్య ఫ్రాన్సు వెళ్లకపోయి ఉంటే నేను ఫైఫా కొండలు ఎక్కేదాన్ని కాదు. మేమిద్దరం జెద్దాలో ఒకే భారతీయ పాఠశాలలో చరిత్ర చెబుతాం. మధ్యయుగపు ఐరోపా మీద ఇద్దరూ ఒక్కో నమూనా పాఠం చెప్పాలని, బాగా చెప్పినవారికే వచ్చే ఏడాది తొమ్మిదో తరగతి ఇస్తామని ప్రిన్సిపాల్ అన్నారు. ఆ క్లాసు కోసం ఆరేళ్లుగా కాచుకుని ఉన్నాను. సెలవుల్లో ఫ్రాన్సు వెళ్లొచ్చిన లావణ్య, కోట బురుజుల ముందు దిగిన ఫోటోలు స్టాఫ్‌రూములో అందరికీ చూపించింది. "ఎంత బావున్నాయో" అని నవ్వుతూనే అన్నాను గానీ కడుపు భగ్గున మండింది.

కోట ఆమెదైతే తిరగలి నాది అనుకున్నాను. ఉత్తరం నుంచి ఓడల్లో వచ్చి దోచుకునేవాళ్లకు భయపడి ఆ కాలపు ఐరోపా రైతులు ప్రభువుల కోటల నీడకు చేరారు. రక్షణకు బదులుగా ప్రభువు పొలం దున్నారు, ఆయన మిల్లులోనే గింజలు ఆడించి వాటా ఇచ్చుకున్నారు. ఇంట్లో తిరగలి దొరికితే చాలాచోట్ల ప్రభువు మనుషులు పగలగొట్టేవారు. సంతలు, పట్టణాలు పెరిగాక గానీ ఆ పట్టు సడలలేదు. ఈ ఒక్క సంగతి కళ్లకు కట్టిస్తే పిల్లలు నా వైపే ఉంటారు. సౌదీ దక్షిణపు కొసన, జిజాన్ దగ్గరి ఫైఫా కొండల్లో బురుజుల్లాంటి రాతి ఇళ్లున్నాయని, కొన్నిట్లో ఇంకా చేత్తో జొన్నలు విసురుతారని విన్నాను.

శనివారం ఉదయం ఆరింటికి విమానం, రానుపోను నాలుగు వందల రియాళ్లు. ఏడున్నరకల్లా జిజాన్‌లో దిగాను. అక్కడ టాక్సీ నడిపే నిజామాబాద్ యాదగిరి రోజంతటికీ మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు. రెండు గంటల్లో కొండ కిందికి చేరాం. "పైకి నా కారు ఎక్కది మేడమ్, జీపుల పోవాలె. పైన ఎంతసేపుంటరో ముందే చెప్పుండ్రి," అన్నాడు. నలభై నిమిషాలు ఆగేలా నూట ఇరవైకి జీపు మాట్లాడుకున్నాను. మలుపు మలుపుకూ ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. అయినా లావణ్య ఇలాంటి దారి ఎక్కి ఉండదని సంతోషించాను.

పదకొండు దాటాక ఒక గుండ్రటి మూడంతస్తుల ఇంటికి చేరాను. పది రియాళ్లిస్తే ఇంటివాళ్లు లోపల చూడనిస్తారు. పూర్వం కింద పశువులు, గింజలు, పైన మనుషులు ఉండేవారట. వంటగదిలో తిరగలి ముందున్న ఆవిడ కాలు చాపుకుంటూ "అమ్మా" అని మూలిగింది. "తెలుగువారా?" అన్నాను. ఆమె పేరు ఓబులమ్మ. రాయచోటి దగ్గర ఊరు. ఈ ఇంట్లో పనికి వచ్చి నాలుగేళ్లయిందట.

"పెద్దామెకు మిషను పిండి నచ్చదు, అందుకే ఇసురుతాండా. నేను తెలుగు మాట్లాడి ఆరు నెల్లాయ మేడమ్. వచ్చేటోళ్లంతా ఇసుర్రాయిని ఫోటో తీసుకొని పోతారు."

నేనూ ఫోనే తీశాను. ఆమె సరేనన్నాక, విసిరే చేతుల్ని వీడియో తీస్తూ ఆ రైతుల కథ చెప్పాను. పాపం అంటుందనుకున్నాను.

"అయితే ఆ ఆడోళ్లు మిల్లు కాడికి నడ్సుకుంటా పోతాండ్రా?"

"పోవాల్సిందే. గంటలకొద్దీ వరసలో నిలబడాలి కూడా."

"ఆడ నలుగురుంటారు గదా, మాట్లాడుకుంటాంటారు. పిండి పోతే పోనీ మేడమ్. మంచి రాత వాళ్లది."

ఆమె గొంతులో ఉన్నది అసూయే. దాన్ని గుర్తుపట్టడానికి నాకంటే తగినవాళ్లు లేరు. ఇంతలో బయట జీపు హారన్ మోగింది. "ఇంగ కొంచేపు కూచో," అంది. ఇంకో యాభై ఇస్తే జీపు ఆగేదే, నా విమానం రాత్రి ఏడింటికి. అయినా లేచి వచ్చేశాను.

పాఠంలో ఆమె మాట చెప్పాను. తొమ్మిదో తరగతి నాకే వచ్చింది. లావణ్య మనస్ఫూర్తిగా చేయి కలిపి, "ఆ మిల్లు మాట ఎక్కడ దొరికింది?" అని అడిగింది. "ఏదో పుస్తకంలో," అన్నాను. నిజం చెబితే తనూ అక్కడికి వెళుతుందని, ఓబులమ్మ తనతోనూ మాట్లాడుతుందని నా కుళ్లు. ఒక్క తెలుగు మాట కోసం ఆరు నెలలు ఎదురుచూసిన మనిషి దగ్గరికి ఇంకొకరు వెళ్లకుండా చేశాను. వెళ్లాలనుకునేవాళ్లు జీపును పైన రెండు గంటలు ఆగేలా మాట్లాడుకోండి. నలభై నిమిషాలు ఇల్లు చూడటానికి చాలు, కూర్చోవడానికి చాలవు. లావణ్యా, ఇది చదువుతావని తెలుసు. ముందు నువ్వే వెళ్లు.