బర్రె వెన్న అనుకుని కొన్నది

“నానమ్మా, నువ్వు తెచ్చిన వెన్న మీద బుర్రో అని ఉంది. బుర్రో అంటే గాడిద లా.”

“గాడిదలా ఏంటే? గాడిదలాగానా, గాడిదేనా?”

“గాడిదే. మా స్పానిష్ క్లాసులో ఫస్ట్ నేర్పింది అదే.”

“దాని మీద గాడిద బొమ్మ ఎక్కడుందో చూపించు.”

“బొమ్మెందుకత్తయ్యా, పేరే రాసుంటే,” అంది మా కోడలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. “బాలింతకు పెట్టేది. పారేయండి.”

పారేయడమనే మాట నాకు పడదు. ఈ పరాయి దేశంలో పెరిగి, ఇక్కడివాళ్ళ మాదిరే మా మనవరాలు ప్రతి మాట చివరా తగిలించే ఆ ‘లా’ కూడా పడదు.

ఇదే ఊళ్ళో ఆ చివర, సెంగ్‌కాంగ్‌లో ఉన్న మా చిన్నమ్మాయి కొత్తగా ప్రసవించింది. వెల్లుల్లి కారం అన్నంలోకి నా చేతి నెయ్యే కావాలంది. బుకిట్ బటోక్‌లో మా బ్లాకు కింది కొట్లో, గడువు దగ్గర పడిందని వెన్న చవకగా ఇస్తున్నారు. ఐదో తరగతితో బడి మానేసినా ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. బి, యు, ఆర్, ఆర్, ఓ. బర్రో అని చదివాను. మా వైపు గేదెను బర్రె అంటాం. చివరి అక్షరం వాళ్ళ యాస కాబోలనుకున్నాను. బర్రె వెన్నయితే నెయ్యి పూస కడుతుందని, ఉన్నవన్నీ బుట్టలో వేసుకున్నాను.

ఆ మాట చెబితే తల్లీకూతుళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వు ఆగాక మనవరాలు ఫోన్లో ఏదో వెతికింది.

“వెయిట్, నానమ్మా. ఈ వెన్న ఇటలీది. ఇటలీలో బుర్రో అంటే వెన్నే.”

“మరి గాడిద?”

“అది స్పెయిన్‌లో.”

“అక్షరాలు?”

“సేమ్.”

దగ్గర దగ్గర దేశాలే. ఒకరు రొట్టెకు రాసుకునేదాని పేరుతోనే ఇంకొకరు మూటలు మోయిస్తారు. కూర్చుని ఒక మాట అనుకుంటే సరిపోయేదానికి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారో తెలియదు. నా చిరాకు మనవరాలికి హుషారెక్కించింది.

“ఇంకోటి విను. లార్గో అంటే స్పెయిన్‌లో పొడుగు, ఇటలీలో వెడల్పు.”

“అయితే జాకెట్టు గుడ్డ ఎట్లా కొలిపించుకుంటారే?”

నేను హాస్యానికి అడగలేదు. అది సోఫాలో పడి దొర్లింది.

కోడలు మాత్రం మెత్తబడలేదు. “వెన్నే కావచ్చండీ. గాడిదని ఒకసారి చెవిన పడ్డాక గొంతు దిగుతుందా? మీ అమ్మాయి కక్కుకుంటే పాలు పడవు. నేను వేరేది తెస్తాను.”

“మా అమ్మాయి సంగతి నాకు తెలీదా?”

పొయ్యి వెలిగించాను. వెన్న కరిగింది, నురగెత్తింది, చిటపటలాడి సద్దుమణిగింది. తమలపాకు తుంచి వేసి దించాను. కమ్మగా ఉంది. వాసన చూడమని గరిటె చాపితే కోడలు వెళ్ళి కిటికీ తీసింది.

మరునాడు ఉదయం నెయ్యి సీసా సంచిలో పెట్టుకుని ట్రైనెక్కాను.

తలుపు తీస్తూనే మా అమ్మాయి అంది, “గాడిద నెయ్యి తెచ్చావంటగా.”

కోడలు ముందే ఫోన్ చేసేసింది. వేడన్నంలో వెల్లుల్లి కారం కలిపి, నెయ్యి వేసి కంచం ముందు పెట్టాను. తిన్నది. రెండోసారి అన్నం పెట్టించుకుని, సీసా తనే అందుకుంది.