పేడతో అలికిన టెన్నిస్ కోర్టు

టెన్నిస్ నేర్పించడమే నా ఉద్యోగం అంటే అనంతపురంలో సగం మంది నవ్వేవాళ్ళు. మిగతా సగం "అది సరేప్పా, పనేం జేస్తావు?" అని అడిగేవాళ్ళు. అసలే నాకు ముక్కుమీద కోపం. ఎవరికీ జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఊరి క్లబ్బులో ఉన్నది ఒకే ఒక్క మట్టి కోర్టు. నా బతుకంతా ఆ కోర్టే.

మట్టి కోర్టుకు రోజూ నీళ్ళు చల్లాలి. లేకపోతే లేచే దుమ్ములో బంతే కనిపించదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వానలు మొహం చాటేశాయి, క్లబ్బు బోరు ఎండిపోయింది. వీధిలో ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ట్యాంకర్ కోసం కాచుకుని ఉంటే, ఆటకు నీళ్ళు కావాలని ఏ మొహం పెట్టుకుని అడగను?

క్లబ్బు ప్రెసిడెంటు పిలిపించాడు. "నీళ్ళే లేకపాయ, ఇంగ ఆట యాడిదప్పా? ఆ జాగా పెండ్లిండ్లకు బాడుగకిస్తాం. నువ్వు వేరే పని సూసుకో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీళ్ళు లేకుండానే ఆడిస్తా సార్" అనేశాను. ఎలాగో నాకే తెలియదు.

ఆయన నవ్వాడు. "సరే, కర్నూలు పోటీలకు మన పాప పోతాండాది గదా. ఒక్క మ్యాచ్ గెల్సుకోని రానీ, కోర్టు నీదే. ఓడిపోతే షామియానా ఏస్తాం."

ఆ పాప, బోరు తగ్గినప్పుడల్లా మా కోర్టుకు నీళ్ళు తోలిన ట్యాంకర్ డ్రైవర్ కూతురు. నాయన వెంట వచ్చి ఒకరోజు రాకెట్ పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

యాడికి మండలంలోని మా ఊరికి పోయి, మా కళ్లంలో దిగులుగా కూర్చున్నాను. ఆ ఏడు నూర్చడానికి జొన్నలే లేవు. అయినా అమ్మ ఎప్పటిలాగే ఎర్రమట్టి, పేడ కలిపి కళ్లం అలికి పెట్టింది. ఊరంతా దుమ్ము లేస్తుంటే అక్కడ మాత్రం నేల నున్నగా, గట్టిగా ఉంది. నాకు లోపల ఏదో వెలిగింది.

"బంతాటకు కళ్లం అలకల్లంటాండావా? నీకేమన్నా పిచ్చా?" అంది అమ్మ. తిడుతూనే చిన్నమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

అలకడానికి బకెట్లలో పట్టే నీళ్ళు చాలు. తర్వాత చాలా రోజులు దుమ్ము లేవదు. ఇద్దరూ కోర్టంతా మూలమూలా అలికారు. ఆరాక నేను సున్నంతో గీతలు గీశాను. అంతా బాగుంది గానీ, అమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. గింజలు రాలే చోటు గనుక కళ్లంలోకి మా వైపు ఎవరూ చెప్పులతో పోరు. "చెప్పులేసుకోని అడుగు పెడితే కాళ్ళిరగ్గొడతా" అని పిల్లలందరినీ బెదిరించింది. అప్పటినుంచి అందరిదీ ఉత్తకాళ్ళ ఆటే.

ప్రెసిడెంటు చూడడానికి వచ్చాడు. "ఇది కోర్టా, గొడ్ల కొట్టమా?" అని బూట్లతోనే అడ్డంగా నడిచి పోయాడు. అమ్మ పళ్ళు కొరుకుతూ ఆ అడుగుల మీద మళ్ళీ అలికింది.

కర్నూలుకు అమ్మ కూడా రొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకుని వచ్చింది. అక్కడ సిమెంటు కోర్టు. పేరు పిలవగానే మా పాప వాళ్ళ నాయన కొనిచ్చిన కొత్త బూట్లు విప్పి, గేటు బయట పక్కపక్కన పెట్టి, నేలకు దండం పెట్టుకుని లోపలికి నడిచింది. చూసేవాళ్ళు పకపకా నవ్వారు. బూట్లు లేకుండా ఆడకూడదన్నాడు అంపైర్. పాప బిక్కమొహం వేసింది.

"కళ్లంలోకి బూట్లతో ఎట్ల పోయేది సార్?" అని నన్ను అడిగింది.

వెనకనుంచి అమ్మ అరిచింది: "అది మన కళ్లం కాదులే పాపా, ఏసుకో!"

బూట్లు వేసుకుంది. మొదటి సెట్ చిత్తుగా ఓడింది. షామియానా గుంజలు నా కళ్ళముందే పాతుతున్నట్టు అనిపించింది. కానీ మా పేడ నేల మీద బంతి మోకాలు దాటి లేవదు. వంగి వంగి కొట్టిన పిల్లకు ఇక్కడ నడుమెత్తున లేచే బంతి చేతికందిన జామకాయ అయింది. బూట్లకు అలవాటు పడ్డాక ఇక చూడాలి దాని ఆట! రెండో సెట్, మూడో సెట్ రెండూ గెలిచింది.

"అయిపాయనా? గెల్సినామా?" అంది అమ్మ.

"గెల్సినాం మా" అన్నాను. సిగ్గులేకుండా ఏడ్చేశాను. తర్వాతి మ్యాచ్‌లో పాప ఓడిపోయింది. దాని గురించి మాకెవరికీ దిగులు లేదు.

మేము తిరిగొచ్చిన సాయంత్రం అమ్మ కోర్టు మూల అలుకుతోంది. ప్రెసిడెంటు వచ్చాడు. కోర్టు అంచున నిలబడి కాసేపు చూశాడు. బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

అమ్మ తలెత్తి చూసింది. "మేజోళ్ళు గూడా ఇప్పప్పా, జారి పడతావు" అంది.